డబ్బా టీవీకి ఆర్కేడ్ బోర్డు కలపడం ఎలా

పాత సామాన్ల కొట్టులోనో, రిపేరు షాపు అటక మీదో 29 అంగుళాల డబ్బా టీవీ కనబడితే చెయ్యి ముందే జేబులోకి పోతుంది. ఆగండి. ముందు దాన్ని వెనక్కి తిప్పమనండి. ఆటలకు అది పనికొస్తుందో రాదో తెర సైజు చెప్పదు, వెనకున్న సాకెట్లు చెబుతాయి.

పాత ఆర్కేడ్ బోర్డులు (నాణెం వేసి ఆడే ఆటల యంత్రాల్లోని సర్క్యూట్ బోర్డులు), గేమ్ సెట్లు చాలా వరకు సెకనుకు దాదాపు 60 బొమ్మలు పంపుతాయి. ఒక్కో బొమ్మకు సుమారు 262 గీతలు. రెండూ గుణిస్తే సెకనుకు 15,700 గీతలు, అంటే 15.7 కిలోహెర్ట్జ్. మన దేశంలో టీవీలు నడిచిన పాల్ పద్ధతిలో ఇదే లెక్క 15.625 కిలోహెర్ట్జ్. రెండూ ఇంత దగ్గరగా ఉండబట్టే ఇంట్లో వాడి పక్కన పెట్టేసిన టీవీ ఆర్కేడ్ బోర్డును నేరుగా చూపగలుగుతుంది. పాత కంప్యూటర్ మానిటరు అలా కాదు. దాని వేగం 31 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, 15 ఇస్తే పట్టదు. కాబట్టి చవకగా దొరికిందని కంప్యూటర్ మానిటరు తెచ్చుకోకండి.

బేరానికి ముందు

వెనక పసుపు సాకెట్ ఒక్కటే ఉంటే అది కాంపోజిట్. వెలుగు, రంగు ఒకే తీగలో కలిసి వస్తాయి కాబట్టి అక్షరాల అంచుల్లో చుక్కలు పాకుతుంటాయి. ఆడుకోవచ్చు, ముచ్చట తీరదు. నాలుగు చిన్న సూదుల గుండ్రటి సాకెట్ ఉంటే ఎస్-వీడియో, కొంత మెరుగు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడూ పక్కపక్కన ఉండి పైన 'డీవీడీ ఇన్' అనో 'కాంపొనెంట్' అనో రాసి ఉంటే బేరం మొదలుపెట్టండి. మనకు కావలసింది అదే. యూరప్‌లో వాళ్లు వాడే స్కార్ట్ సాకెట్ మన టీవీలకు రాలేదు, దానికోసం వెతకడం దండగ.

తర్వాత చూడాల్సింది ముందువైపు స్టిక్కరు. '100 హెర్ట్జ్' అని గొప్పగా రాసి ఉందంటే వదిలేయండి. ఆ టీవీ వచ్చిన బొమ్మను లోపల దాచుకుని రెట్టింపు వేగంతో మళ్లీ గీస్తుంది. బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి ఆలస్యం అవుతుంది, గురిపెట్టే తుపాకీ ఆటలు అసలు పనిచేయవు. సినిమాలకు అది మంచి టీవీయే, ఆటలకు మాత్రం కాదు. పసుపు సాకెట్ ఒక్కటే ఉన్న 29 అంగుళాల టీవీ కంటే కాంపొనెంట్ ఉన్న 21 అంగుళాల టీవీ ఎప్పుడూ మేలు.

వెళ్లేటప్పుడు ఒక పాత డీవీడీ ప్లేయరు, మూడు రంగుల కాంపొనెంట్ తీగ వెంట తీసుకెళ్లండి. టీవీని ముందే ఆన్ చేసి ఉంచితే ఆపించి, అరగంట చల్లారనిచ్చి మళ్లీ వేయించండి. మంచి ట్యూబు పది సెకన్లలోపు వెలుగుతుంది. నిమిషాల కొద్దీ మసకగా ఉండి మెల్లగా తేరుకుంటే, తెలుపు అంతా ముద్దగా పరుచుకుంటే, మన మెకానిక్కులు 'ట్యూబు డౌనైపోనాది' అనేది దాన్నే. తెర మీద సన్నటి వాలుగీతలు కనబడుతూ నలుపు బూడిదరంగులో ఉంటే ఇంకా అనుమానించండి. డౌనైన ట్యూబును వెలిగించి చూపడానికి వెనక ఫ్లైబ్యాక్ (ట్యూబుకు పెద్ద వోల్టేజి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు) మీది స్క్రీన్ పొటెన్షియోమీటరును ఎవరో తిప్పేశారన్నమాట.

మూలల్లో రంగు మచ్చలుంటే భయపడకండి, పక్కన పెద్ద స్పీకరు ఉండటం వల్ల వచ్చినవై ఉండొచ్చు. చల్లటి టీవీని ఆన్ చేయగానే 'ధబ్' మని మూలిగేది డీగాస్ కాయిల్, ఆ మచ్చలు తుడవడం దాని పని. ఒకసారి పనిచేశాక దాని థర్మిస్టరు చల్లారడానికి 20 నిమిషాలు పడుతుంది. ఊరికే ఆపి, వేసి లాభం లేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంకోటి చూడాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు నీళ్లు తాగిన టీవీలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఉద్దానం వైపు నుంచి వచ్చిన టీవీ అయితే వెనక గాలి రంధ్రాల్లోంచి టార్చి వేసి చూడండి. అడుగు బోర్డు మీద ఎండిన బురద గీత గానీ, ట్యూబు చుట్టూ ఉన్న ఇనుప పట్టీకి ఎర్ర తుప్పు గానీ కనబడితే ధర ఎంత తగ్గించినా వద్దు. యోకు (ట్యూబు మెడ చుట్టూ ఉండే కాయిల్) రాగి తీగ తీసేసిన టీవీలు కూడా తగులుతాయి. పాత సామాన్ల వాళ్లకు అందులో విలువైనది రాగి ఒక్కటే.

అసలు రిమోట్ అడిగి తీసుకోండి. బొమ్మను సరిదిద్దే లోపలి సర్వీస్ మెనూకు అదే తాళంచెవి. బజారులో దొరికే యూనివర్సల్ రిమోట్లలో చాలాసార్లు ఆ బటన్లు ఉండవు.

ఇంటికి తేవడం

29 అంగుళాల ఫ్లాట్ తెర డబ్బా టీవీ బరువు 45 నుంచి 55 కిలోలు, అందులో ఎక్కువ భాగం ముందున్న గాజులోనే ఉంటుంది. ఇద్దరు మోయాలి, తెర మోసేవాళ్ల గుండెకు ఆని ఉండాలి. బండిలో పరుపు వేసి తెరను కిందికి బోర్లించి పెట్టండి. వెనక సన్నటి మెడ మీద బరువు పడితే ట్యూబులోకి గాలి పోతుంది, ఇక దాన్ని బాగుచేయడం ఉండదు. విజయనగరంలో సిరిమానోత్సవం రోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి. మూడు లాంతర్ల నుంచి కోట దాకా జనం మధ్యలో టీవీతో ఇరుక్కుంటారు. వానలో తడిసిందనిపిస్తే ఒక రోజంతా ఫ్యాన్ గాలికి వదిలి, తర్వాతే ప్లగ్గు పెట్టండి.

వెనక మూత విప్పే ముందు

ఇక్కడ తొందర పడితే ప్రాణం మీదికొస్తుంది. పెద్ద ట్యూబు మీద నడుస్తున్నప్పుడు 25,000 వోల్టుల పైనే ఉంటుంది, ఆపేసినా ట్యూబు దాన్ని పట్టి ఉంచుతుంది. పవర్ సెక్షన్‌లోని పెద్ద కెపాసిటర్లో 325 వోల్టులు ఉంటాయి. ఇలాంటి పనికి చెయ్యి అలవాటు లేకపోతే పాత టీవీ మెకానిక్కుతోనే చేయించండి. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఆ చేతులు ఇంకా ఉన్నాయి.

చేసేవాళ్లు ఇలా చేయండి. ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా ఊడదీయండి. పొడవాటి ఫ్లాట్ స్క్రూడ్రైవరు లోహపు కడ్డీకి క్లిప్పు తీగ ఒక కొస తగిలించండి. రెండో కొసను ట్యూబు వెనక నల్లటి పూత మీద స్ప్రింగుతో బిగించిన జడలాంటి ఉత్త తీగకు తగిలించండి. హీట్‌సింకుకో, బోర్డు గ్రౌండుకో తగిలిస్తే ఆ చార్జి ఐసీల గుండా పోయి వాటిని చంపుతుంది. ఎడమ చెయ్యి వెనక్కి కట్టుకున్నట్టు పెట్టుకుని, కుడిచేత్తో స్క్రూడ్రైవరు మొనను ట్యూబు పక్కనున్న రబ్బరు కప్పు కిందికి జార్చి, లోపలి లోహపు క్లిప్పును తాకించండి. 'టప్' మనొచ్చు, అననూ పోవచ్చు. కొన్ని సెకన్లు అలాగే ఉంచండి. పది నిమిషాలాగి మళ్లీ ఒకసారి తాకించండి, గాజులో ఇంకిన చార్జి తిరిగి పైకి వస్తుంది. పెద్ద కెపాసిటర్ను మీటరుతో కొలిచి, వోల్టేజి మిగిలి ఉంటే 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు రెండు తీగలు దాని కాళ్లకు తాకించి దించండి.

ఉప్పుగాలి చేసే పని

కళింగపట్నం, భావనపాడు దరిదాపుల్లో ఉండేవాళ్లకు ఈ చప్పుడు తెలిసే ఉంటుంది. సాయంత్రం తేమ పెరగ్గానే టీవీ వెనక నుంచి చిటపటలు, ఒక ఘాటు వాసన. అది రబ్బరు కప్పు కింద చేరిన ఉప్పు, దుమ్ము, తేమ మీదుగా పెద్ద వోల్టేజి కారిపోవడం. చీకట్లో చూస్తే కప్పు అంచున నీలి వెలుగు కనబడుతుంది.

చార్జి తీశాక కప్పు అంచు మడిచి, లోపలి క్లిప్పు రెండు కాళ్లనూ దగ్గరికి నొక్కి బయటికి లాగండి. గాజును, కప్పు లోపలిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు పోగులు రాలని గుడ్డతో తుడవండి. నల్ల పూత జోలికి పోకండి, గీకితే ఊడిపోతుంది. అరగంట ఆరనిచ్చి, కప్పు అంచు లోపల సిలికాన్ గ్రీజు పల్చగా రాసి తిరిగి బిగించండి. అయినా చిటపట ఆగకపోతే ఫ్లైబ్యాక్ ఒంట్లోనే పగులు ఉంది. దాని మీది నంబరు చూసి అదే నంబరుది వేయించాలి. మిగతా దుమ్మంతా అంగుళం పెయింటు బ్రష్షుతో దులిపేయండి, తడిగుడ్డ వద్దు.

బొమ్మ పైనో కిందో మడతపడి కనబడితే వర్టికల్ సెక్షన్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అదే మైక్రోఫారడ్, అంతే వోల్టేజి లేదా అంతకన్నా ఎక్కువ, 105 డిగ్రీలు తట్టుకునే రకం వేయండి. ధ్రువం తిరగేయకండి. కరెంటు హెచ్చుతగ్గులున్న చోట పాత టీవీ స్టెబిలైజరు పెట్టడం మంచిదే. ఉరుములప్పుడు మాత్రం ప్లగ్గు తీయడం తప్ప వేరే రక్షణ లేదు.

బొమ్మ సరిదిద్దడం

కాంట్రాస్టు సగానికి కొంచెం పైన ఉంచండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, లేకపోతే ప్రతి అంచు పక్కన తెల్లటి నీడ నిలబడుతుంది. సోనీ ట్రినిట్రాన్ రకాల్లో ఆ నీడకు ఇంకో కారణం వీఎమ్ అనే స్కాన్ వెలాసిటీ మాడ్యులేషన్, దాన్ని సర్వీస్ మెనూలో ఆపొచ్చు. సోనీలో టీవీ స్టాండ్‌బైలో ఉండగా డిస్‌ప్లే, 5, వాల్యూమ్ ప్లస్, పవర్ బటన్లు వరసగా, చకచకా నొక్కితే ఆ మెనూ తెరుచుకుంటుంది. ఏదీ మార్చకముందే ప్రతి పేజీ ఫోనుతో ఫొటో తీయండి. పేరు తెలియని అంశాన్ని ముట్టుకోకండి.

అడ్డం జరపడం, నిలువు ఎత్తు, వెడల్పు, పక్కల వంపు, ఈ నాలుగింటితో చాలా వరకు పని అయిపోతుంది. కొలవడానికి '240పి టెస్ట్ సూట్' అనే ఉచిత ప్రోగ్రాములోని గడుల బొమ్మ వాడండి. టీవీలు అంచుల్లో కొంత బొమ్మను మింగేస్తాయి, ఆటలో స్కోరు సగం కనబడకపోవడానికి కారణం అదే. బోర్డుల్లో 224 గీతల ఆటలు ఎక్కువ కాబట్టి నిలువు ఎత్తును వాటికి సరిపెట్టండి.

బోర్డుకు తీగలు

1985లో జపాన్‌లో వచ్చిన జామా పద్ధతి పుణ్యమా అని ఆ తర్వాతి బోర్డుల్లో ఎక్కువ వాటికి ఒకటే అంచు కనెక్టరు. రెండు వైపులా 28 చొప్పున 56 గడులు, గడికీ గడికీ మధ్య 3.96 మిల్లీమీటర్లు. భాగాలున్న వైపు 1 నుంచి 28 అంకెలు, టంకం వైపు ఇంగ్లిషు అక్షరాలు, అందులో జి, ఐ, ఓ, క్యూ ఉండవు. తయారుగా దొరికే తీగల కట్టే కొనుక్కోండి, కానీ తీగల రంగులను నమ్మొద్దు. ఒక్కో తీగనూ మీటరు బీప్ పెట్టి చూడండి.

గ్రౌండు: 1, 2, ఎ, బి. చివర 27, 28, వాటి వెనకవి కూడా.
5 వోల్టులు: 3, 4, సి, డి.
12 వోల్టులు: 6, ఎఫ్. మైనస్ 5 వోల్టులు: 5, ఇ. ఇది కొన్ని పాత బోర్డులకే కావాలి.
7, హెచ్: ఖాళీ, ఇక్కడ తాళం ముక్క ఉండాలి.
స్పీకరు: 10 ప్లస్, ఎల్ మైనస్.
ఎరుపు 12, ఆకుపచ్చ ఎన్, నీలం 13, సింక్ (గీత, బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంకేతం) పి, వీడియో గ్రౌండు 14.
నాణెం 16, స్టార్ట్ 17. మొదటి ఆటగాడికి పైకి 18, కిందికి 19, ఎడమ 20, కుడి 21, బటన్లు 22, 23, 24.

తాళం ముక్క లేని కనెక్టరును తిరగేసి గుచ్చితే 5 వోల్టులు పోకూడని చోటికి పోతాయి. బోర్డు ఒక్క క్షణంలో చస్తుంది. ఏడో గడిలో ముక్క లేకపోతే ముందు ఆ పని చూడండి.

కరెంటుకు 5 వోల్టుల దగ్గర కనీసం 10 ఆంపియర్లిచ్చే ఆర్కేడ్ పవర్ సప్లై తీసుకోండి. బోర్డు పెట్టకముందు కనెక్టరు 1, 3 గడుల మధ్య కొలిచి, చిన్న స్క్రూతో 5.00కు తెండి. తర్వాత ఆపి, బోర్డు గుచ్చి, ఆన్ చేసి, ఈసారి బోర్డు మీదే ఏదో ఒక ఐసీ దగ్గర కొలవండి. సన్న తీగల్లో కొంత పోతుంది కాబట్టి 4.8 అని రావచ్చు. 5.0కు పైన 5.1 లోపు ఉండేలా పెంచండి. 5.25 దాటితే ఐసీలకు ముప్పు, 4.75 కన్నా తగ్గితే ఆట మధ్యలో రీసెట్ అవుతుంది. బోర్డు పాడైందని మనం అనుకునేది చాలాసార్లు ఈ 0.3 వోల్టుల తేడానే.

బటన్లన్నీ ఒకే తరహా: స్విచ్చుకు ఒక తీగ గ్రౌండు, రెండోది దాని గడి. నొక్కితే గ్రౌండు తగులుతుంది.

వీడియో దగ్గర ఆగి లెక్క వేయండి

బోర్డు ఇచ్చే ఎరుపు, ఆకుపచ్చ, నీలం (కలిపి ఆర్‌జీబీ) ఆర్కేడ్ మానిటరుకు తగినవి, 3 వోల్టుల దాకా ఉంటాయి. ఇంటి పరికరాలకు కావాల్సింది 0.7 వోల్టులు. సింక్ అయితే 5 వోల్టుల దాకా వస్తుంది. కాబట్టి నేరుగా కలపకూడదు. పైగా కాంపొనెంట్ సాకెట్టు అడిగేది ఈ మూడు రంగులను కాదు. రంగులు ఒకటే కదా అని గుచ్చితే పిచ్చి రంగులతో బొమ్మ తిరుగుతూ కనబడుతుంది. మధ్యలో ఆర్‌జీబీ నుంచి కాంపొనెంట్‌కు మార్చే కన్వర్టరు ఉండాలి. కొనేటప్పుడు అది 15 కిలోహెర్ట్జ్ తీసుకుంటుందా, అడ్డం, నిలువు కలిసిన సింక్ తీసుకుంటుందా అని అడగండి. కంప్యూటరు వీజీఏ కోసం చేసిన చవక రకాలు చాలా వరకు ఈ రెంటికీ ఒప్పుకోవు.

ఒక్కో రంగు తీగలో 220 ఓమ్‌ల రెసిస్టరు వరసగా పెట్టండి. కన్వర్టరు లోపల 75 ఓమ్‌లు ఉంటాయి. మొత్తం 295. 3 వోల్టులు వస్తే అందులో 295కి 75 వంతులు, అంటే 0.76 వోల్టులు. బోర్డుకు సొంతంగా ఉండే నిరోధం ఇంకాస్త తగ్గిస్తుంది, సరిపోతుంది. సింక్ తీగలో 470 ఓమ్‌లు పెడితే 5 వోల్టులు 0.69 అవుతుంది. అన్నీ పావు వాట్ రెసిస్టర్లు చాలు. నాలుగైదు బోర్డులు మార్చి ఆడేవాళ్లు రంగులకు 220 బదులు 500 ఓమ్‌ల ట్రిమ్మర్లు (తిప్పి నిరోధం మార్చుకునేవి) పెట్టుకుని, ఎక్కువ నిరోధం నుంచి మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకుంటే బోర్డు బోర్డుకూ సరిచేసుకోవచ్చు. 14వ గడి వీడియో గ్రౌండును కన్వర్టరు గ్రౌండుకు కలపడం మరవకండి.

హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న డబ్బాతో పని కానివ్వొచ్చు కదా అనిపిస్తుంది. అది గీతలన్నిటినీ మళ్లీ కలిపి, కాంపోజిట్ చేసి, ఆలస్యం చేర్చి పంపుతుంది. అప్పుడు డబ్బా టీవీ తెచ్చుకున్న ప్రయోజనమే పోయింది.

శబ్దానికి 8 ఓమ్‌ల స్పీకరు విడిగా పెట్టడం అన్నిటికన్నా సులువు. ఎల్ గడిలోని మైనస్ తీగ చాలా బోర్డుల్లో గ్రౌండు కాదు. దాన్ని టీవీ ఆడియో సాకెట్ గ్రౌండుకు కలిపితే యాంప్లిఫయరు ఐసీ కాలిపోతుంది.

బొమ్మ నిలబడకపోతే

ఏటవాలు చారలుగా చీలిపోతే, బోర్డు 31 కిలోహెర్ట్జ్‌లో ఉందేమో చూడండి. 1998లో వచ్చిన సెగా నవోమీలాంటి వాటిలో చిన్న డిప్ స్విచ్చుతో 15కు మార్చుకోవచ్చు. పైకో కిందికో దొర్లుతుంటే సింక్ అందడం లేదు, పి గడి తీగ చూడండి. పైభాగం ఒక పక్కకు వంగితే సింక్ బలహీనంగా ఉంది, 470ని 330కి తగ్గించి చూడండి.

ఏ తప్పూ లేకుండా కూడా ఒక్కో ఆట సాగిపోయి కనబడుతుంది. అన్ని బోర్డులూ కచ్చితంగా 60 హెర్ట్జ్ కావు. నియో జియో 59.2, ఐరెమ్ వాళ్ల ఆర్-టైప్ 55, మోర్టల్ కాంబాట్ 54.7. గీతల వేగం అదే ఉండి బొమ్మలు తగ్గితే ఒక్కో బొమ్మకు గీతలు పెరుగుతాయి. 55 దగ్గర లెక్క 284 గీతలు. అందుకే బొమ్మ ఎత్తు పెరిగి అంచులు దాటుతుంది. ఆ ఆటకు నిలువు ఎత్తు తగ్గించుకోవాలి.

నిలువు తెర ఆటల కోసం 29 అంగుళాల టీవీని పక్కకు పడుకోబెట్టకండి. ప్లాస్టిక్ డబ్బా ఆ బరువు ఆపలేదు, వేడి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. చిన్న టీవీని దిట్టమైన చెక్క చట్రంలో బిగించి తిప్పొచ్చు, తిప్పాక చల్లారనిచ్చి డీగాస్ చేయాలి.

బోర్డు లేనివాళ్లకు

ప్లేస్టేషన్ 2 ఉంటే దాని కాంపొనెంట్ తీగ కొని, సెట్టింగుల్లో వీడియో అవుట్‌ను ఆర్‌జీబీ నుంచి రెండో దానికి మార్చండి. పాత ప్లేస్టేషన్ ఆటలు కూడా అందులో బాగా కనబడతాయి. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు 2, 3, 4 రకాలైతే 3.5 మిల్లీమీటర్ల సాకెట్టు నుంచే కాంపోజిట్ వస్తుంది, పై 4లో దాన్ని ముందు సెట్టింగుల్లో తెరవాలి. మోడ్ విలువ 16 పెడితే టీవీకి ఆట తరహా గీతలు వెళ్తాయి. తీగ మాత్రం చూసి కొనండి. పై లో ప్లగ్గు కొన నుంచి మూడో భాగం గ్రౌండు, చివరిది వీడియో. క్యామ్‌కార్డర్ తీగల్లో కొన్నింటికి ఇది తారుమారు, బొమ్మ రాకపోతే ముందు అనుమానించాల్సింది అదే. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) రంగు పట్టని పాత టీవీలో ఇది నలుపు తెలుపులో వస్తుంది.

బోర్డు ఉన్నవాళ్లు వానాకాలానికి ముందు దాని మీది బ్యాటరీ చూడండి. నియో జియో ఎంవీఎస్‌లో బ్యాటరీ కారి పక్కనున్న రాగి గీతలను తినేస్తుంది, ఆకుపచ్చ పొడి కనబడితే ఆ రోజే తీసేసి వెనిగరుతో, తర్వాత ఆల్కహాల్‌తో తుడవండి. క్యాప్‌కామ్ సీపీఎస్-2లో బ్యాటరీ ఆట ప్రోగ్రామును విప్పే రహస్య సంకేతాన్ని, అంటే ఆట తాళాన్నే కాపాడుతుంది. అది అయిపోతే ఆట లేవదు, తాళాన్ని మళ్లీ బోర్డులోకి ఎక్కించే పరికరం ఉన్నవాళ్లతోనే పని పడుతుంది. దాచేటప్పుడు యాంటీస్టాటిక్ సంచిలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి మూయండి. థర్మోకోల్ మీద ఉత్తగా పెట్టకండి.